నలభై రెండో పేజీ

చిరంజీవి చెల్లికి అక్క దీవెనలు. దేవుడి దయవల్ల నేను కులాసా. నీ నడిపక్క, పిల్లలు కులాసా. బాబాయి సంగతి చివర రాస్తాను.

అడిగినవాటికి ముందు జవాబులు. నా మోకాలు పర్వాలేదు. బైండింగ్ షాపులో పని ఎప్పటిలాగే ఉంది. నీ పుస్తకం చేరింది. కుట్టు గట్టిగా ఉంది, జిగురే పొదుపు చేశారు.

రోజూ ప్రార్థన అయ్యాక బాబాయికి పది పేజీలు చదివి వినిపించాను. 'నమ్మడం' అనే ఒక్క లాటిన్ క్రియ మీద అంత పుస్తకం, అదీ లాటిన్‌లోనే రాశావని ఆయన పొంగిపోయారు. "చిన్నదానికి బుర్ర ఇచ్చాడు దేవుడు, పెద్దదానికి గొంతు ఇచ్చాడు," అని పోస్టుమాన్‌తో కూడా అన్నారు. అమ్మానాన్న పోయాక మన ముగ్గురినీ పెంచిన మనిషి. నీకు ఆ భాష నేర్పారు. తన చూపు మందగిస్తోందని, తనకు చదివి పెట్టడానికి నాకు పలకడం మాత్రం నేర్పారు. అర్థం అడిగితే, "నీకెందుకే, తిన్నగా చదువు," అనేవారు.

నలభై రెండో పేజీ దాటేయమన్నావు. కారణం రాయలేదు. నాకు లాటిన్ అర్థం కాదనుకున్నావు.

ఆ క్రియ గుండెను 'ఇవ్వడం' నుంచి పుట్టిందని బాబాయి జీవితమంతా వాదించారు. కాదు, గుండెను 'ఉంచడం' నుంచి, సంస్కృతంలో 'శ్రద్ధ'దీ అదే పాత వేరు అని నువ్వు రాశావు. బాబాయిది పొరపాటని ఆయన పేరుతో సహా రాశావు.

దాటేయలేదు. చదివాను.

"మళ్ళీ చదువు," అన్నారు బాబాయి.

ఇంకా నిదానంగా చదివాను.

"నా పేరు దగ్గర ఆగావు. నీకు అర్థమవుతోందా?"

"అవుతుంది బాబాయ్. మీకు చదివి పెడుతూనే నేర్చుకున్నాను."

"అయితే నా తప్పు..."

"ఇరవై ఏళ్ళ కిందటే తెలుసు. మీరు తెప్పించుకున్న కొత్త నిఘంటువులో ఉంది. ఆ రెండు వరుసలూ నేను మీకు చదవలేదు."

ఆ తర్వాతే కదా చెల్లీ, ఆయన ఆ 'ఇవ్వడం' మీదే తన పెద్ద గ్రంథం మొదలుపెట్టింది. ప్రతి పేజీ నాచేతే రాయించారు. నేను రాస్తూ పోయాను.

ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. పెట్టింది తింటున్నారు. ఆయన కోసం ప్రార్థన మానలేదు. పశ్చాత్తాపం కోసం నాలో వెతికాను, దొరకలేదు.

సాయంత్రం పని నుంచి వచ్చి, కిటికీ దగ్గర నీ పుస్తకం మొదటినుంచి చదువుకుంటున్నాను. పేజీ తిప్పిన చప్పుడు వినగానే ఆయన ఇటు తిరుగుతారు.

నేను పైకి చదవను.

ఇట్లు,
నీ మేలు కోరే
పెద్దక్క