సరిహద్దు కుప్ప మీద పన్నెండో సమావేశం

గౌరవనీయులైన పొరుగు పురపాలక సంఘ అధ్యక్షుల వారికి,

నల్లగొండ రోడ్డులో మన సరిహద్దున ఉన్న చెత్తకుప్ప ఎవరిదో పదకొండు ఉమ్మడి సమావేశాల్లో తేల్చలేకపోయామని తమకు విదితమే. ఈలోగా మా పారిశుద్ధ్య కార్మికురాలు మెర్సీ, మీ ట్రాక్టర్ డ్రైవర్ బెంజమిన్ ఆ కుప్ప దగ్గరే మనసులు కలుపుకొని, పెండ్లి అక్కడే చేసుకోదలచి, మన అనుమతి లేకుండానే దానిని పూర్తిగా ఎత్తివేశారు. సంజాయిషీ అడిగితే మెర్సీ, "మీ మీటింగులు అయ్యేదాంక ఆగితే మేం ముసలోళ్లమైతం సార్! జర పెండ్లికి రాండ్రి" అన్నది.

జాగా ఎవరిదో తేలనందున పందిరి అనుమతికి మనిద్దరి సంతకాలూ తప్పనిసరి. నేను చేసి జతపరిచాను. తమరూ చేసి, గురువారం పన్నెండో సమావేశానికి ఆ పందిట్లోకే దయచేయగలరు. అభ్యంతరాలు బిర్యానీ అనంతరం మాత్రమే స్వీకరించబడును.

ఇట్లు,
ఆడపెండ్లివారి తరఫున,
మీ పొరుగు అధ్యక్షుడు