మూత చప్పుడు

జూన్ 9, సోమవారం

దీవెనకి ఉద్యోగం వచ్చింది. రొయ్యల చెరువుల నీళ్లు టెస్టు చేసే కంపెనీ. చల్లపల్లి వైపు ఊళ్లన్నీ తిరగాలంట. కారు వాళ్లే ఇస్తారంట, నడుపుకోవాల్సింది మా పిల్లే. స్వీటు తెచ్చింది. నేను తినలేదు.

జూన్ 10

వద్దన్నాను. మీ అన్న పోయి ఏడాది కాలేదు, నీకెందుకు ఆ స్టీరింగు అన్నాను. అన్న కారు వల్ల పోలేదమ్మా, టైరు పేలగానే బ్రేకు తొక్కబట్టి పోయాడు అంది. నిజమే. ఆ రోజు పక్క సీట్లో ఉండి బతికిన డేనియల్ అదే చెప్పాడు. మా బెన్నీ ఉన్న బలమంతా పెట్టి తొక్కాడంట, కారు గిర్రున తిరిగి కాలవలో పడిందంట. ఆ మాట నా ముందు ఎవరూ ఎత్తరు. ఇది ఎత్తింది.

బెన్నీ ఆ సెకండ్ హ్యాండ్ కారు కొన్నప్పుడు ఫాదర్‌గారొచ్చి నాలుగు టైర్ల మీదా మంత్రించిన నీళ్లు చల్లారు. అద్దానికి నేను జపమాల కట్టాను. అంతమందిమి ఉన్నాం, టైరు అరిగిందేమో అని ఒక్కళ్లమూ వంగి చూడలేదు.

జూన్ 14, సాయంత్రం

వంటింట్లో స్టూలేసుకుని కూర్చుంది. స్టీరింగుకి బెన్నీ పళ్లెం తీసింది. వెనక వాడి పేరు చెక్కించిన పళ్లెం. వాడు పోయాక నేను అల్మారాలోంచి కదపనిది. కుడికాలి కింద చెప్పు, అది యాక్సిలేటరంట. పక్కన చపాతీ పీట, అది బ్రేకంట.

డ్రైవింగు స్కూలు సారు చెప్పాడంట. టైరు పేలితే బ్రేకు ముట్టుకోకూడదు. స్టీరింగు గట్టిగా పట్టుకుని తిన్నగా పోనివ్వాలి. యాక్సిలేటరు మీంచి కాలు మెల్లిగా తీసెయ్యాలి. బండి దానంతటదే స్లో అయ్యాకే పక్కకి తియ్యాలి. తెలిస్తే చాలదమ్మా, కాలికి రావాలి, నువ్వు నాకు తెలీకుండా గిన్నె మూత మీద గరిటెతో కొట్టు, అదే టైరు పేలిన చప్పుడనుకుంటా అంది. పిచ్చి నీకా నాకా అన్నాను.

కొట్టాను.

దాని కాలు దబీమని పీట మీదకి పోయింది. నాకు వాడి కాలు కనపడింది. గరిటె పడేసి బయటకొచ్చేశాను.

జూన్ 15

మళ్లీ కొట్టాను. మళ్లీ తొక్కింది.

జూన్ 22, ఆదివారం

పక్కింటి సీతమ్మగారు గోడ మీంచి చూసి, ఏంటి శౌరమ్మా రోజూ ఆ మోత, మీకేమన్నా పండగా అంది. మా పిల్ల కారు నేర్చుకుంటందండీ అన్నాను. వంటింట్లోనా అంది. అవునండీ, ఇక్కడైతే లారీలు రావు అన్నాను. ఇద్దరం నవ్వాం. లోపలికొచ్చి, నవ్వినందుకు ఏడ్చాను.

జులై 3

ఎప్పుడు కొట్టినా కాలు పైకే లేస్తంది. పళ్లెం మీద చేతులు కదలట్లేదు. ఉద్యోగంలో చేరు అన్నాను. రోజూ బయల్దేరే ముందు వంగి టైర్లు చూస్తానని, గాలి కొట్టించుకుంటానని మరియమాత పటం ముందు మాట తీసుకున్నాను.

ఆగస్టు 19, సాయంత్రం

ఫోన్ చేసింది. ఉయ్యూరు దాటాక ఇనప ముక్క గుచ్చుకుని ముందు టైరు పేలిందంట. తొంభైలో ఉందంట. అంత స్పీడెందుకే అనబోయి నోరు మూసుకున్నాను. నువ్వే మూత కొట్టావనుకున్నానమ్మా అంది. కాలెక్కడ పెట్టావే అన్నాను. పైకి తీసేశానమ్మా అంది. కారు చాలా దూరం పోయి, నెమ్మదించి, అప్పుడు పక్కకొచ్చిందంట. ఒంటి మీద గీత లేదు.

ఆగస్టు 20

దీవెన డ్యూటీకి పోయింది. స్టూలు మీద నేను కూర్చున్నాను. బెన్నీ పళ్లెం రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాను. టైరు పేలింది. నా కాలు పీట మీదకి పోలేదు. కారు తిన్నగా పోయింది. నెమ్మదించింది. పక్కకొచ్చి ఆగింది.

బెన్నీ దిగి, ఆకలేస్తందమ్మా అన్నాడు. ఆ పళ్లెంలోనే అన్నం పెట్టాను.