రాయబారి కుర్చీలో పెద్దమ్మ

పెద్దమ్మా,

ఫోన్లో చెబితే నవ్వేస్తావని రాస్తున్నాను. నీకు తెలుసుగా, శనివారం మా నాంపల్లి హోటల్ కాలేజీలో పాతకాలపు రాయబారుల విందును అచ్చం అప్పటిలాగే మళ్లీ జరుపుతున్నాం. వండించేది పేరున్న షెఫ్ ఇంద్రసేన గారు. రాయబారిగా నిన్ను కూర్చోబెట్టమన్నది నేనే. ముఖ్య అతిథి అయిన రాయబారి తినడం మొదలుపెట్టేదాకా ఆ విందులో ఎవరూ చెంచా ఎత్తకూడదు.

నిన్న రిహార్సల్లో నువ్వేమో, "ముందుగాల పోరగాళ్లు తిననీ, నాకేం తొందర?" అంటూ కూర్చున్నావు. సూప్ చల్లారిపోయింది. మా ప్రిన్సిపాల్ మేడం నీ బదులు ఇంకొకరిని కూర్చోబెడదామన్నారు. షెఫ్ గారు నవ్వి, "మా అమ్మ గూడ గంతే మేడం, ఇంకొక్కసారి చూద్దాం" అన్నారు.

ఇంట్లో మేమంతా తిన్నాకే తింటావు. నీ కంచంలో వేడి అన్నం నేనెప్పుడూ చూడలేదు. శనివారం నీకు వడ్డించేది నేనే. పొగలు పోకముందే తిను. మాకందరికీ ఆకలిగా ఉంటుంది.

నీ శ్రీనిధి