పసుపు కొమ్ము వేరు కాదు

మార్చి 3, మంగళవారం
నేను ఆన్‌లైన్లో చదువుతున్న కెనడా యూనివర్సిటీ నుంచి మెయిల్. ముందు 'ఇంటర్నేషనల్ స్టూడెంట్ గారికి' అని మర్యాద, తర్వాత దెబ్బ. ఆహారపంటల కోర్సు పరీక్షలో నా జవాబు పాఠ్యపుస్తకంతో నూటికి తొంభై ఏడు పాళ్ళు కలిసిందట. కాపీ అని అనుమానం. ఒప్పుకుంటే మళ్ళీ రాయనిస్తారు. లేదంటే విచారణ. అందులో తేలితే కోర్సు నుంచి తీసేస్తారు.
నేను! ముప్పై ఏళ్ళు బోటనీ చెప్పి, పరీక్ష హాల్లో స్లిప్పులు పట్టినదాన్ని. పుస్తకం వంటింటి అలమరలో పెట్టి, నా గదిలో కూర్చుని రాశాను. నోటికి వచ్చు కనుక రాశాను. ముక్కస్య ముక్క.

మార్చి 4
రఘు ఆఫీసుకి వెళ్తూ — "సారీ అని ఒక మెయిల్ కొట్టెయ్యమ్మా, అయిపోద్ది. ఈ వయసులో ఆ సర్టిఫికెట్‌తో ఉద్యోగం చేస్తావా ఏంటి?"
చేస్తానో లేదో నా ఇష్టం. చెయ్యని పనికి సారీ చెప్పను.
పప్పులో ఉప్పు మర్చిపోయాను. ఒక్కరూ అనలేదు, భయపడి.

మార్చి 6
ఇవాళ మనవరాలి వంతు. అనన్య తనూ యూనివర్సిటీలోనే కదా, రూల్స్ తెలుసు. "బట్ నానమ్మా, మెమరీ నుంచి రాసినా... దోజ్ ఆర్ సమ్‌వన్ ఎల్సెస్ వర్డ్స్. కోట్స్ పెట్టాలి." కొటేషన్ గుర్తులట.
మా రోజుల్లో పుస్తకంలో ఉన్నట్టు రాస్తేనే మార్కులు. సొంతంగా రాస్తే గుండుసున్నా.
"ఎవరు చెప్పారు నాకు?"
"హ్యాండ్‌బుక్‌లో ఉంది."
చదివాను. ఉంది... సరే. తెలియకపోవడం వేరు, దొంగతనం వేరు.

మార్చి 8, ఆదివారం
కేరమ్ డౌన్స్‌లో మనవాళ్ళ గుడి. ప్రసాదం లైన్లో రఘు స్నేహితుడి భార్య సుగుణ అందరికీ వినపడేలా — "ఏం మేడమ్ గారూ, కెనడా వాళ్ళకి కాపీ కొట్టి దొరికిపోయారటగా!" రఘు నోట్లో నువ్వుగింజ నానదు.
"కొట్టేదాన్నే అయితే దొరికేదాన్ని కాను" అన్నాను.
పులిహోర రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

మార్చి 9
జవాబూ పుస్తకమూ పక్కపక్కన పెట్టి వాక్యం వాక్యం చూశాను. కలవని ఆ మూడు పాళ్ళు ఎక్కడ? దొరికాయి. పుస్తకం పసుపుని వేరు అంది. నేను కాండం అని రాశాను — కణుపులుంటాయి, మొలకెత్తుతుంది, మట్టిలో ఉన్నంత మాత్రాన వేరైపోదు అని. రాస్తూ రాస్తూనే దిద్దేశాను. తెలుగులో పసుపు వేరు అంటామా? పసుపు కొమ్ము అంటాం.
కాపీ కొట్టేవాడు తప్పుని కూడా కాపీ కొడతాడు. ఎంతమందిని దాంతోనే పట్టాను!
విచారణే కావాలని మెయిల్ పెట్టాను.

మార్చి 12
విచారణ వచ్చే బుధవారం. రఘు మాట్లాడటం లేదు. మంచిది, ప్రశాంతంగా ఉంది.

మార్చి 18, బుధవారం
ఉదయం తొమ్మిది. వాళ్ళకింకా నిన్నే. తెర మీద ఇద్దరు, ఒక ఆవిడ, ఒక ఆయన. అనన్య క్లాసు మానేసి పక్కన కూర్చుంది, వద్దన్నా.
ఆవిడ — పుస్తకం దగ్గరుందా?
వంటింట్లో ఉందన్నాను.
మరి ఎలా...
కళ్ళు మూసుకుని జవాబు మొత్తం అప్పజెప్పడం మొదలుపెట్టాను. నాలుగో పేరాలో పసుపు దగ్గర ఆగాను. "ఇక్కడ మీ పుస్తకం తప్పు" అన్నాను. అనన్య గిల్లింది.
కళ్ళు తెరిస్తే ఆయన పుస్తకం తిరగేస్తున్నాడు. ఆవిడ రాసుకుంటోంది. "కోట్స్ పెట్టకపోవడం నా తప్పు. కాపీ కొట్టలేదు. రెండూ కలిపి రాయకండి" అన్నాను.
వాళ్ళిద్దరూ మాట్లాడుకుని తేలుస్తారట, కాసేపు బయట ఉండమన్నారు. బయటంటే తెర మీద చక్రం తిరుగుతుంది, అంతే.
పావుగంట దాటింది. అనన్య ఇడ్లీ పట్టుకొచ్చింది — "ఈట్, నానమ్మా. వాళ్ళు పిలుస్తారులే."
తర్వాత తింటాను. పిలిచేసరికి నోరు ఖాళీగా ఉండాలి.