నూరు ముళ్లు దాటిన సర్వో

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. సాయంత్రం నాయన అడిగితే ఎండిన చెరువులో నీ బొమ్మ జెట్టును ఎగరేశాను.

మగ్గం దగ్గరి అలవాటుతో, ఎగరేసిన ప్రతిసారీ, దాన్ని నడిపే రేడియో పెట్టెకు కట్టిన పట్టుపోగుకు ఒక ముడి వేసేవాడివి. "నూరు ముళ్లయితే సర్వో మార్చల్లప్పా, దాంట్లో చక్రాల పండ్లు అరిగిపోతాయి" అనేవాడివి. తోకను తిప్పే ఆ చిన్న మోటారు నీ చేత్తో బిగించింది కదా, నూరు దాటినా మార్చడానికి నాకు మనసు రాలేదు.

ఇవాళ అది మాట వినలేదు. పెట్టె మీది పుల్లను ఎడమకు నెట్టినా జెట్టు నేరుగా నాయన మీదికే పోయింది. "వంగు నాయనా" అని అరిచాను. ఆయన కదలలేదు. తలపాగాకు జానెడు పైనుంచి దాటి, ఇసుకలో పొట్ట రాసుకుంటూ దిగింది.

నాయన దాన్ని ఎత్తుకొని, "మీ అన్న నన్ను చూసేకొచ్చినాడప్పా. రేపు గూడా ఈడనే నిలబడతా" అన్నాడు.

ఇంటికొచ్చి కొత్త సర్వో బిగించాను. ఆయనకు చెప్పలేదు. రేపు జెట్టు నేను తిప్పిన వైపే తిరుగుతుంది. అప్పుడు నాయన ముఖం చూడాలంటే, అన్నా, ఇవాళ్టికంటే ఎక్కువ భయంగా ఉంది.