నైట్ షిఫ్టులో దానయ్య

మిల్లు ఆఫీసు, రాయపూర్
మే, 2009

శ్రీమతి వరహాలమ్మ గారికి, క్వార్టర్ల అధికారి కొండలరావు తెలియజేయునది.

మోవా దగ్గరి మన మిల్లు లైన్ల ఇళ్ళు తాతల నాటివే కావచ్చు, రూలు రూలే. క్వార్టరు కార్మికుడికి, అతని భార్యకు కాదు. మీ ఆయన దానయ్య లేడని విన్నాను. వెంటనే ఖాళీ చెయ్యండి. జవాబు గేటు పెట్టెలో వెయ్యండి.

భవదీయుడు,
కొండలరావు

తా.క.: ఎంత బెల్లు కొట్టినా ప్యూన్ రామయ్య పలకడు. ఈ చీటీ నేనే మీ తలుపు కింద తోశాను. నా హోదాకి ఇదేం ఖర్మ!

*

కొండలరావు బాబుకి వరహాలమ్మ దండాలు.

మా ఆయన లేడన్నోడి నోట్లో మన్ను పడ! మనిషి గుండ్రాయిలా ఉన్నాడు. రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. మీకెలాగ అగుపిస్తాడు? పెళ్ళై వచ్చింది ఈ ఇంట్లోకే. గెంటేస్తే పండరీ బజార్లో కొట్ల ముందర పడుకోమంటారా?

మీ వరహాలమ్మ

తా.క.: మిల్లు మూసేసినాక డ్యూటీ ఏటని అడక్కండి. మూసిన మిల్లుకే చౌకీదారు.

*

వరహాలమ్మ గారికి,

మిల్లు మూశారా? ఎవడన్నాడు? నేను రోజూ నా సీట్లోనే ఉన్నాను! దానయ్య వచ్చి నా ఎదుట వేలిముద్ర వెయ్యాలి. లేకపోతే సామాన్లు వీధిలో ఉంటాయి.

కొండలరావు

తా.క.: చాయ్‌వాలా కూడా రావడం లేదు. అందరికీ పొగరెక్కింది.

*

బాబుకి దండాలు.

ఆయనకి బుఖార్. లేవలేకపోతున్నాడు. కొంచెం ఆగండి, మీ కాళ్ళు మొక్కుతాను.

వరహాలమ్మ

*

వరహాలమ్మ గారికి,

జ్వరమన్నారు, మనిషి నిన్న శుభ్రంగా వచ్చాడు! ఎడమ బొటనవేలు మిషన్లో పోయిందట, కుడిది వేశాడు. క్వార్టరు మీకే ఉంచుతున్నాను.

కొండలరావు

తా.క.: బాగా దగ్గుతున్నాడు. మందిప్పించండి.

*

కొండలరావు బాబుకి,

మీ చీటీ మళ్ళీ మళ్ళీ చదివాను. ఆ వేలి సంగతి నేను రాయలేదే! మా ఆయన పోయి చాన్నాళ్ళైంది బాబూ. ఇల్లు పోతుందని అబద్ధమాడాను.

మిల్లు మూసినాక ఎప్పుడూ గేటు దాటనిదాన్ని, మీ కాళ్ళ మీద పడదామని ఆఫీసుకొచ్చాను. పైకప్పు లేదు, లోపల తుమ్మచెట్లు. గేటు దగ్గర రామయ్య ఉన్నాడు. "కొండలరావు సాబ్ కబ్ కే గుజర్ గయే! మిల్లుకి తాళమేసిన రోజే, కుర్చీలోనే పోయారమ్మా" అన్నాడు. మీ బెల్లు ఆడికి వినిపిస్తాదట. భయంతో రాడు.

నాకు భయమెయ్యలేదు, ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ మీకెవరూ చెప్పలేదా నాయనా! అంటే మా ఆయన నిజంగానే వచ్చాడన్నమాట. బతికున్నప్పుడు నా మాటకి ఎదురాడనోడు, పోయాక నా అబద్ధం నిలబెట్టడానికి వచ్చాడు.

ఉంటాను,
వరహాలమ్మ

తా.క.: అంతదూరం వచ్చినోడు ఇంటికెందుకు రాలేదో అడగండి. నేను తలుపుకి గడియ పెట్టడం లేదని చెప్పండి.