ముల్లంగి పక్కన నీ బొటనవేలు

వాసూ,

ఇవాళ నా వైవా అయిపోయింది. మనది అనాలి, నిజానికి. ఎకనామిక్స్ వాణ్ణి నేను, బోటనీ వాడివి నువ్వు, ఇద్దరం కలిసి యమున ఒడ్డు కూరగాయల మీద ఒకే థీసిస్ రాయాలన్నది మన ఆనర్స్ కోర్సు రూలు. ఒకరు రాసిన చాప్టర్‌కి వైవాలో ఇంకొకరు జవాబు చెప్పాలన్నది ఇంకో రూలు. అందుకే ఢిల్లీ కటవారియా సరాయ్‌లో మన అద్దె గదిలో రోజూ నా బుర్ర తినేవాడివి. "వేరు చూసి మట్టి చెప్పాలిరా, మొద్దూ!"

నువ్వు జ్వరంతో పోయాక, కాలేజీ ఆఫీసులో దీదీ థీసిస్‌కి నా ఒక్కడి పేరుతో కొత్త ఫారం నింపమంది. "అచ్ఛా" అని సంతకం పెట్టేశాను. నీ పేరు కూడా ఉంచమని అడగనైనా లేదు.

ఇవాళ వైవాకి వచ్చిన పెద్దాయన నువ్వేసిన ముల్లంగి బొమ్మ చూసి మురిసిపోయాడు. కొలత తెలియడానికి ప్రతి వేరు పక్కనా నీ ఎడమ బొటనవేలు గీసేవాడివిగా, తలుపులో నలిగి వంకరపోయిన గోరుతో సహా.

"ఈ వేలు ఎవరిది?" అన్నాడు.

"నాదే సార్."

నా చేతులు బల్ల కిందికి పోయాయి. ఫస్ట్ క్లాస్ ఇచ్చారు. ఇది రాస్తున్నంతసేపూ ఎడమ పిడికిలి విప్పలేదురా.